పెక్కు కొలతలు – ఒక్క పటము



రేడియోలో పటమును గూర్చి ప్రసంగించుట చెవికి రంగులు చూపుట వంటిది. అయినను ఈ పనికి పూనుకొంటిని. మీరు వినునపుడు, లేక ఈ పుస్తకమున చదువునపుడు, ఒక సుద్దముక్కను దగ్గఱ నుంచుకొని, నేను చెప్పిన గీతలను అరుగుబండమీద గీచుకొనుచుండుడు. అవి నాలుగైదింటికి మించవు. వాని చరిత్ర మాత్రము రెండువందల యేండ్లకు పైబడినది.

మాది జైపూరు. మంచిర్యాలనుండి చెన్నూరునకు పోవు త్రోవలో, గోదావరికి ఉత్తరపుటొడ్డున నున్నది. ఏటికావల గోదావరిఖని, రామగుండము. ఈవల శ్రీరాంపూరు, ఇందారము, మందమఱ్ఱి, బెల్లంపల్లి. అంతయు బొగ్గునేల. నేను ఈ ప్రాంతపు పాఠశాలలలో తెలుగు పండితుడనై ముప్పదియేండ్లకు పైగా పనిచేసి విశ్రాంతి గైకొంటిని. చిన్ననాడు నేను చదివినవి కావ్యములు, వ్యాకరణము, కొంత జ్యోతిషము. విద్యుత్తును గూర్చి నాకు తెలిసినది స్వల్పము. మీట నొక్కినచో దీపము వెలుగుననియు, నెల తిరుగగానే బిల్లు వచ్చుననియు ఎఱుగుదును.

మా మండలమునందు పెగడపల్లియొద్ద సింగరేణి సంస్థవారు బొగ్గుతో విద్యుత్తును పుట్టించు కేంద్రమును కట్టిరి. ఒక్కొక్కటి 600 మెగావాట్ల యంత్రములు రెండు 2016లో పనిలోనికి వచ్చినవి. నా పూర్వశిష్యుడొకడు అందు ఉద్యోగి. వాడు పలుమాఱు పిలువగా, అనుమతి దొరకిన దినమున పోయి చూచితిని. ఆ కొలిమి యెత్తును, ఆ చప్పుడును వర్ణింప నా తరము కాదు. నన్ను నిలిపివేసినది ఆ చల్లని గది. యంత్రముల నడిపించువారు కూర్చుండు గది యది. ఎదుట తెరలు. ఒక తెరమీద అయిదు రంగుల గీతలు ఎడమనుండి కుడికి పాకుచుండెను.

"ఇవి యేమిటి నాయనా?" అని యడిగితిని.

"పంతులుగారూ, పైనున్న పచ్చగీత ఇప్పుడు పుట్టుచున్న విద్యుత్తు, 600 దాకా పోవును. ఎఱ్ఱగీత ఆవిరి వేడి. 540 డిగ్రీల దగ్గఱ నిలువవలెను. నీలిది ఆవిరి యొత్తిడి. పసుపుది కొలిమిలోని గాలి యొత్తిడి. అది బయటిగాలి కన్న కొన్ని మిల్లీమీటర్ల నీటియంత తక్కువగా నుండవలెను. ఈ తెల్లనిది ఫ్రీక్వెన్సీ. 50 దగ్గఱ నుండవలెను."

నాకు సందేహము కలిగినది. 600ను 50ని, మిల్లీమీటర్ల లెక్కను ఒకే కాగితముమీద వ్రాసినచో చిన్నవి అడుగున అణగిపోవలెను గదా! ఇచ్చటనో, తెల్లగీత తక్కిన వానితో సమానముగా ఎగసిపడుచున్నది. వాడు నవ్వి, ఒక మీట నొక్కెను. గీతలన్నియు ఒకే కొలబద్దమీదికి వచ్చినవి. వెంటనే తెల్లగీత చచ్చిన పామువలె చదునైపోయెను. పసుపుగీత నేలకంటుకొని కనఁబడనే లేదు.

"చూచితిరా? ఇట్లుంచినచో ప్రమాదము వచ్చినను మాకు తెలియదు. అందుచేత ఒక్కొక్క గీతకు ఒక్కొక్క కొలబద్ద. తెల్లదానికి అడుగు 49.5, కొస 50.5."

మన దేశమున ఫ్రీక్వెన్సీ 49.90కిని 50.05కిని నడుమ నుండవలెనని నియమము. ఆ యెడము 0.15. రెండడుగుల యెత్తు కాగితముమీద సున్న మొదలు 600 వఱకు గుర్తులు పెట్టినచో, ఈ 0.15 ఒకటి రెండు వెండ్రుకల మందముగా నుండును. 2012 జూలై 30, 31 తేదులలో ఉత్తరహిందూస్థానపు విద్యుద్వ్యవస్థ కూలి కోట్లకొలది యిండ్లు చీకటియైన సంగతి మీకు జ్ఞాపకముండును. నాడు దక్షిణదేశపు వ్యవస్థ వేఱుగా నుండెను. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు తీగతో అది తక్కిన దేశముతో ఒకే లయలో కలిసినది. అనగా ఆ తెల్లగీత వణకినచో అది ఒక్క జైపూరు వణకు గాదు. ఇక పసుపుగీత సంగతి. కొలిమిలోని ఒత్తిడి బయటిగాలిని మించినచో నిప్పును వేడిబూడిదయు సందులగుండ బయటికి తన్నును. అచ్చట మనుష్యులుందురు. సంఖ్య చిన్నది, దానిమీద నాధారపడిన ప్రాణములు చిన్నవి గావు.

ఇంటికి వచ్చిన తరువాత ఆ తెర నన్ను విడువలేదు. జాతివేఱైన కొలతలను ఒక్కచోట జూపుట యను పని ఎప్పుడు మొదలైనది? ఎవరు మొదలుపెట్టిరి? అందు మోసమెచ్చట నున్నది? తెలిసినంత చెప్పుదును.

మన యింటనే ప్రారంభింతము. మీలో ప్రతివారింటను గోడకు పంచాంగము వ్రేలాడుచుండును. అది యేమిటి? అయిదు వేఱువేఱు కొలతల పట్టిక. తిథి యనునది దినము గాదు. చంద్రుడు సూర్యునినుండి 12 డిగ్రీలు ఎడమగుటకు పట్టుకాలము. నక్షత్రము చంద్రుడు 13 డిగ్రీల 20 కలలు నడచుట. యోగము సూర్యచంద్రుల స్థానములను కూడిన మొత్తమునుండి వచ్చునది. కరణము తిథిలో సగము. వారము ఒక సూర్యోదయమునుండి మఱియొక సూర్యోదయము వఱకు. ఇందొకదాని పొడవు మఱియొకదాని పొడవు గాదు. ఒకదాని ఆరంభము మఱియొకదాని ఆరంభము గాదు. అయినను మన పెద్దలు వాని నన్నిటిని ఒకే వరుసలో వ్రాసిరి. ఎట్లు? ప్రతిదాని ముగింపును ఘడియలు, విఘడియలుగా మార్చి వ్రాసిరి. దినమునకు 60 ఘడియలు. అడ్డుగా నున్న కాలము అన్నిటికిని ఒక్కటే. నిలువున నున్న గళ్లు దేనిది దానికే. తిథిగడిలోని సంఖ్యను నక్షత్రపుగడిలోని సంఖ్యతో కూడు పిచ్చివాడెవ్వడును లేడు.

గణితమునను ఇట్టి కట్టుబాటే కలదు. త్రైరాశికమున ప్రమాణము, ఫలము, ఇచ్ఛ యని మూడు రాశులు. ప్రమాణమును ఇచ్ఛయు ఒకే జాతివి కావలెను. ధాన్యము పుట్లలో నడిగి, ప్రమాణము మానికలలో పెట్టినచో లెక్క చెడును. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున వ్రాసిన గణితసారసంగ్రహమును పదునొకండవ శతాబ్దిలో పావులూరి మల్లన తెనిగించి తెలుగువారికి ఈ శాస్త్రమును పద్యములలో నిచ్చెను. జాతిభేదమును గూర్చిన ఈ జాగ్రత్త మనకు క్రొత్తది గాదు. అయితే సంఖ్యలను గీతలుగా మార్చి కంటికి జూపుట మాత్రము పడమటిదేశమునుండి వచ్చినది. చిత్రమేమనగా, అదియు బొగ్గుగనుల దాపుననే పుట్టినది.

జేమ్స్ వాట్ పేరు మీరెల్లరు వినియుందురు. ఆవిరియంత్రమునకు వేఱుగా చల్లార్చు పాత్రను గూర్చి, 1769లో హక్కుపత్రము పొందినవాడు. వర్తకమున కమ్మిన అతని తొలి యంత్రములలో నొకటి 1776లో ఇంగ్లాండునందలి టిప్టను పట్టణపు బ్లూమ్‌ఫీల్డు బొగ్గుగనిలో నీరు తోడుటకు నిలువఁబడినది. మఱుసటి యేట, అనగా 1777లో, వాట్ కొలువునకు పటములు గీయువాడుగా ఒక స్కాట్లాండు యువకుడు చేరెను. వాని పేరు విలియం ప్లేఫేరు, 1759లో పుట్టినవాడు. చిన్ననాడే తండ్రి గతింపగా, గణితపండితుడగు అన్న జాన్ ప్లేఫేరు వానికి చదువు చెప్పెను. దినదినమును ఉష్ణమాపకమును చూచి ఆ యెత్తును కాగితముమీద గుర్తుపెట్టించెనట. సంఖ్యగా చెప్పదగినది ఏదైనను గీతగా చెప్పవచ్చునని అన్న నేర్పిన ఆ పాఠమును తమ్ముడు కడవఱకు మఱువలేదు.

1786లో ప్లేఫేరు ఇంగ్లాండు వర్తకమును గూర్చి ఒక పటముల పుస్తకమును ప్రకటించెను. అందు 44 పటములు. అడ్డముగా సంవత్సరములు, నిలువుగా పౌనులు. ఎగుమతి కొక గీత, దిగుమతి కొక గీత. ఆ రెండు గీతల నడిమి చోటునకు రంగు వేసి, అది దేశమునకు వచ్చిన మిగులో తఱుగో చూపించెను. ఇచ్చట ఒక సంగతి గమనింపుడు. రెండు గీతలును పౌనులే గనుక నడిమి చోటునకు అర్థమున్నది. ఒకటి పౌనులు, మఱియొకటి మనుష్యుల సంఖ్య యైనచో ఆ నడిమి చోటు కేవలము ఖాళీ కాగితము.

ఆ పుస్తకపు అచ్చునకు ముందు వాట్ తన పాతయుద్యోగికి ఒక హితవు చెప్పెను. పటములతోపాటు అవి దేనినుండి పుట్టినవో ఆ సంఖ్యల పట్టికలను కూడ అచ్చువేయుమనియు, లేనియెడల పటమునకు నీ మాట తప్ప ఆధారముండదనియు దాని భావము. నూఱుమార్లు కొలిచి ఇనుమును కోయు మేస్త్రి బుద్ధి యది. ఈ మాటను నేను మరల తలఁచుకొనవలసి వచ్చును.

ప్లేఫేరు అక్కడ నాగినచో బాగుండును. 1801లో అతడు ఐరోపా రాజ్యముల బలాబలములను, వానితోపాటు హిందూస్థానపు పాలకశక్తులను గూర్చి మఱియొక పుస్తకము ప్రకటించెను. అందులోని ఒక పటమున ప్రతి రాజ్యమునకు ఒక సున్న చుట్టెను. దేశమెంత పెద్దదో సున్న యంత పెద్దది. సున్నకు ఎడమప్రక్క ఒక నిలువుగీత; అది జనసంఖ్య, లక్షలు పదులుగా. కుడిప్రక్క మఱియొక నిలువుగీత; అది ప్రభుత్వపు రాబడి, పౌనులలో. ఈ రెండింటి కొసలను చుక్కలగీతతో కలిపెను. ఆ చుక్కలగీత కుడికి ఎగసినచో ఆ దేశమున పన్ను బరువనియు, క్రుంగినచో తేలికయనియు చదువుకొనవలెను. బ్రిటను గీత ఎగసినది. పెక్కు దేశములవి క్రుంగినవి. తన దేశమున పన్ను మిక్కుటమని చూపుటయే అతని కోరిక.

రెండు జాతుల కొలతలకు ఎడమ నొకటి, కుడి నొకటి నిలిపి ఒక్క పటమున కూర్చుట నాకు తెలిసినంతలో ఇదియే తొలుత. పుట్టినప్పుడే దోషముతో పుట్టినది. సుద్దముక్కతో గీచి చూడుడు. ఎత్తులు వేఱైన రెండు కఱ్ఱలను జానెడు దూరమున నిలిపి వాని కొసలను కలుపుడు. ఆ కఱ్ఱలనే మూరెడు దూరమున నిలిపి కలుపుడు. వాలు మాఱును. రుష్యా దేశము విశాలమైనది గనుక దాని సున్న పెద్దది, దాని కఱ్ఱల నడుమ దూరమెక్కువ, అందుచేత దాని వాలు మెల్లనిది. పన్నునకు నేల వైశాల్యమునకు ఏమి సంబంధము? ఏమియు లేదు. గీత యెగసినదా, క్రుంగినదా యనుటకు కూడ ఒక పౌనును ఒక మనిషికి సరిగా గట్టిన ఆతని కొలబద్దయే కారణము. పౌనులకు బదులు షిల్లింగులలో వ్రాసినచో అన్ని గీతలును ఆకాశమునంటును.

అతని కడపటి గొప్ప పటము 1821 నాటిది. ఆ కాలమున ఇంగ్లాండు కర్షకులు కష్టములలో నుండిరి. ధాన్యపు ధరను గూర్చి దేశమంతట వాదములు. ప్లేఫేరు 1565 మొదలు 1821 వఱకు, రెండువందల యేబదియేండ్లకు పైబడిన కాలమును ఒక్క కాగితముమీద కెక్కించెను. నిలువుకడ్డీలు గోధుమల ధర, ఒక క్వార్టరు కిన్ని షిల్లింగులని. క్రింద పాకు గీత నేర్పుగల పనివాని వారపు కూలి, అదియు షిల్లింగులే. పైన వరుసగా ఆయా కాలముల నేలిన రాజులు, రాణులు. ధర, కూలి, రాజ్యకాలము – మూడును ఒక్కచోట! చూచుటకు మిగుల మనోహరమైనది. నేను దాని ప్రతిని చూచి అరగంట లేవలేదు.

అతడు చెప్పదలఁచినది ఇది: కూలితో పోల్చినచో గోధుమలు ఇంత చౌకగా మునుపెన్నడును లేవు. పటము కంటికి చెప్పునది వేఱు. కడ్డీలు 1810 వైపునకు కొండవలె లేచినవి. కూలిగీత మెల్లగా అడుగున ప్రాకినది. చూచినవాడు "అయ్యో, పేదవాడు చచ్చెనే" యనును. లెక్క వేయుడు. 1565 ప్రాంతమున క్వార్టరు ధర సుమారు 41 షిల్లింగులు, వారపు కూలి 5. అనగా ఎనిమిది వారములు చెమటోడ్చిన గాని క్వార్టరు గోధుమలు రావు. 1810లో, నెపోలియను యుద్ధముల వేళ, ధర సుమారు 99, కూలి 30. మూడు వారముల పైచిలుకు చాలును. ధర మింటికెక్కిన యేటనే పనివానికి గోధుమలు మునుపటికన్న దగ్గఱగా నుండెను. ప్లేఫేరు గీయవలసినది రెండు గీతలు గాదు, ఒక్కటి: ఎన్ని వారముల కూలికి ఒక క్వార్టరు వచ్చును అనునది. రెండు కొలతలను భాగించి ఒక్కటి చేసినచో అతడు చెప్పదలఁచిన సత్యము తనంతట తానే పలికెడిది. పటమును కనిపెట్టినవాడే పటమునందు చిక్కుకొనెను! పాపము, బ్రతుకున గూడ ఆయనకు లెక్కలు కలిసిరాలేదు. అప్పులతోను వ్యాజ్యములతోను వేగి 1823లో పేదతనముననే గతించెను.

తరువాతివారు వేఱు త్రోవలు త్రొక్కిరి. ఫ్రెంచి ఇంజనీరు మినార్ 1869లో నెపోలియను రుష్యాపై దండెత్తిన కథను ఒక పటమున గీచెను. సైన్యము వెడల్పుగల పట్టీగా నుండును. పదివేలమందికి ఒక మిల్లీమీటరు. బయలుదేఱునపుడు 4,22,000, మాస్కో చేరునప్పటికి లక్ష, తిరిగి వచ్చినది పదివేలు. తిరుగుదారిలోని చలి మఱియొక కొలత. దానిని సైన్యపు పట్టీమీద ఎక్కింపలేదు. క్రింద వేఱుగా ఒక గీత గీచి, ఏ తావున ఎంత చలియో సన్నని నిలువుగీతలతో పైకి ముడివేసెను. మన పంచాంగపు గడులు జ్ఞాపకమునకు వచ్చుటలేదా? అంతకుముందు 1847 నాటికే జర్మనుదేశపు వైద్యాచార్యుడు లుడ్విగ్గు తిరుగుడు పీపామీద రక్తపుటొత్తిడిని, ఊపిరిని ఒక్కసారి వ్రాయించు యంత్రమును చేసియుండెను. ఫ్రాన్సున మారే పండితుడు మసిపట్టిన కాగితముమీద నాడిని, గుండెను, శ్వాసను ఒకదాని క్రింద నొకటి వ్రాయించెను; 1878లో ఈ పద్ధతిపై పెద్దగ్రంథము రచించెను. పెద్దాసుపత్రిలో రోగి తలగడయొద్ద వెలుగు తెరను మీలో ననేకులు చూచియుందురు. అందు గుండె కొక పట్టీ, ఊపిరి కొక పట్టీ, రక్తములోని ప్రాణవాయువున కొక పట్టీ. ఒకదానిమీద నొకటి పడవు.

మూడవ త్రోవ జెవన్సు అను ఆంగ్లేయుని వలన ప్రసిద్ధి కెక్కినది. ఇతడు యౌవనమున ఆస్ట్రేలియాలోని సిడ్నీ టంకసాలలో బంగారమును పరీక్షించుచుండెను. కాలిఫోర్నియాలోను ఆస్ట్రేలియాలోను బంగారము విరివిగా దొరకిన తరువాత, బంగారపు విలువ తగ్గినదా యని విచారించి 1863లో ఒక పుస్తకము వ్రాసెను. పత్తి, ఇనుము, గోధుమ – దేని ధర దానిది. దేని తూనిక దానిది. ఎట్లు కలుపుట? ఆయన ప్రతి సరకు ధరను మొదటి కాలపు ధరతో పోల్చి నిష్పత్తిగా మార్చెను. మొదటిది 100 అనుకొనుడు. తరువాత 110 ఐనదా, 90 ఐనదా? తూనికలు జాఱిపోయినవి. నిష్పత్తి మాత్రము మిగిలినది. మఱియు పటమునందు ఎడమప్రక్క గుర్తులను సమానముగా పెట్టక, ఒకటి రెండగుట, నూఱు రెండువందలగుట ఒకే యెత్తుగా నుండునట్లు పెట్టెను. రెండెకరములవాడు నాలుగెకరములవాడగుట, నూఱెకరములవాడు రెండువందల యెకరములవాడగుట – ఆ కొలబద్దమీద ఇరువురును ఒకే మెట్టెక్కిరి. 1865లో ఈ జెవన్సే బొగ్గును గూర్చి గ్రంథము వ్రాసి, ఇంగ్లాండు తన గనులను ఎంత వేగముగా తినివేయుచున్నదో చెప్పి దేశమును కలవరపెట్టెను. అప్పటికి మన సింగరేణి బొగ్గును ఎవరును త్రవ్వలేదు. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున దానిని గుర్తించినది 1871లో. ఇప్పటి కంపెనీ పేరు నమోదైనది 1920 డిసెంబరులో.

ఇక మా యూరి సంగతికి వత్తును. కొన్నియేండ్ల క్రిందట ఒక సభకు పోయితిని. ఎవరు జరిపిరో చెప్పను, ఇప్పుడది యనవసరము. అచ్చట ఒక తెరమీద రెండు గీతలు చూపిరి. ఒకటి సింగరేణి బొగ్గు, ఎడమ కొలబద్దమీద. రెండవది కార్మికుల సంఖ్య, కుడి కొలబద్దమీద. బొగ్గు ఎక్కుచున్నది, కార్మికులు దిగుచున్నారు, నడుమ నొక యేట రెండును కత్తెరవలె ఒకదానినొకటి దాటినవి. మాటలాడినవారు ఆ దాటిన చోటును కఱ్ఱతో చూపి, "ఇదే ఆ మలుపు, ఈ యేడే అంతయు మాఱినది" యని ఘోషించిరి. నా ప్రక్కన ఒక పాతగని కార్మికుడు కూర్చుండెను. శ్రీరాంపూరున భూగర్భగనిలో తట్ట మోసినవాడు. ఆయన నా చెవిలో, "పంతులూ, ఆ యేడు మేమేం తప్పు జేసినం?" అనెను.

నేను జవాబు చెప్పలేకపోతిని. ఇంటికి వచ్చి గ్రాఫు కాగితము తీసితిని. మీరును గీయుడు. 1990వ దశకపు ఆరంభమున బొగ్గు సుమారు 2 కోట్ల టన్నులు. కార్మికులు లక్షకు పైగా, 1,15,000 అనుకొందము. 2023–24లో బొగ్గు 7 కోట్ల టన్నులు. కార్మికులు నలువది వేల పైచిలుకు, 42,000 అనుకొందము. నడిమి యెత్తుపల్లములను విడిచి తిన్నని గీతలు గీయుడు. ఎడమ కొలబద్ద 8 కోట్ల వఱకు, కుడిది 1,20,000 వఱకు పెట్టినచో గీతలు 2009 ప్రాంతమున దాటును. ఇప్పుడు ఎడమదానిని 16 కోట్ల వఱకు సాగదీయుడు. సంఖ్య ఒక్కటియు మాఱలేదు. గీతలు 2020 ప్రాంతమున దాటినవి. మరల ఎడమదానిని 8కి తెచ్చి, కుడిదానిని 2,40,000కు సాగదీయుడు. 1998లోనే దాటినవి! కొలబద్దను పట్టుకొన్నవాని చేతిలో ఇరువదిరెండేండ్ల చరిత్ర ముందునకు వెనుకకు నడచుచున్నది. టన్ను మనిషిని దాటుట యనగా నేమి? అట్టి సంఘటన లోకమున జరుగనే లేదు. ఆ "మలుపు" కాగితముమీద పుట్టి కాగితముమీద చచ్చినది.

అంతమాత్రమున మార్పు అబద్ధమని చెప్పుట లేదు. జెవన్సు చూపిన రీతిని రెండింటిని 100తో మొదలుపెట్టుడు. బొగ్గు 350 ఐనది. కార్మికులు సుమారు 36. ఇది నిజము, మిక్కిలి కఠినమైన నిజము. భూగర్భగనులు తగ్గి, ఉపరితలగనులు పెరిగి, తట్టకు బదులు పెద్దయంత్రములు వచ్చుటయే ముఖ్యకారణము. ఒక్క యేట కాక మెల్లమెల్లగా వచ్చినవి. మఱియొకటి కలదు. ఆ కార్మికుల గీతలో కాంట్రాక్టు పనివారు లేరు. వారిది వేఱు లెక్క. మా వాడకట్టులోని యువకులు పెక్కుమంది ఆ వేఱు లెక్కలోనివారే. ఏ కొలబద్దయు గీయని గీతను చూపలేదు.

ఆ సభవారిని తప్పుపట్టుటకు నాకు అధికారమున్నదా యని రాత్రి యాలోచించితిని. లేదు. ఇట్టి తప్పు నేనును చేసితిని. 1994 ప్రాంతమున నేనొక గ్రామపు పాఠశాలలో నుంటిని. పరీక్షాధికారి వచ్చునని తెలిసి హాజరు పటమును నేనే ముచ్చటపడి గీచితిని. ఒక్కటే కొలబద్ద, సున్న మొదలు 250 వఱకు. పై గీత మొత్తము పిల్లలు. జూనులో 210, మార్చిలో 203. క్రింది గీత పైతరగతి ఆడపిల్లలు; జూనులో 14, మార్చిలో 6. రెండు గీతలును చెఱువు నీటివలె నిలుకడగా కనఁబడినవి. వచ్చినవారు మెచ్చుకొనిరి. నా యొడలు పొంగినది.

పటము గోడమీద నుండగా ఒక ముసలమ్మ బడికి వచ్చెను. చదువురానిది. ఆ గీతలను చూచి ఇవి యేమని యడిగినది. చెప్పితిని. ఆమె కొంతసేపు చూచి, "పంతులూ, మా మనుమరాలు బడికి రాక మూన్నెల్లాయె. పత్తి ఏరవోతున్నది. నీ గీతల అదేడున్నది?" అనెను.

ఎచ్చటను లేదు. ఎనిమిదిమంది పిల్లలు నా గీత మందములో దాగిపోయిరి. నేను కొలబద్దను ఎన్నుకొన్నప్పుడే వారు మాయమైరి. ఆ రాత్రి మరల గీచితిని, రెండింటిని 100తో మొదలుపెట్టి. మొత్తము 97 వద్ద నిలిచినది. ఆడపిల్లల గీత 43కు పడినది. కొండచఱియవలె పడినది. ఇందును చిక్కు లేకపోలేదు. పదునలుగురిలో ఒక్క పిల్ల మానినచో గీత ఏడు మెట్లు దిగును. చిన్నసంఖ్యలకు ఈ పద్ధతి పెద్దగొంతు నిచ్చును. అందుచేత గీత ప్రక్కన 14 అనియు, 6 అనియు అసలు సంఖ్యలను వ్రాసితిని. వాట్ చెప్పిన హితవు నాటికి నాకు తెలియదు. ముసలమ్మ మాట చాలినది. ఆ రెండవ పటమును పట్టుకొని ఇల్లిల్లు తిరిగితిని. మరుసటి యేడు ఎనిమిదిమందిలో ముగ్గురు తిరిగి వచ్చిరి. ఆమె మనుమరాలు రాలేదు.

మా పంచాయతీ కార్యాలయపు గోడమీద నల్లరంగు పూసిన పలక యొకటి కలదు. పాతగని కార్మికుడు బలవంతపెట్టగా ఇటీవల దానిమీద రెండు పట్టీలు గీచితిని, ఒకదాని క్రింద నొకటి, ఒకే సంవత్సరముల వరుసతో. పైది బొగ్గు, క్రిందిది మనుష్యులు. ప్రక్కన అసలు సంఖ్యలు. గీతలు ఎచ్చటను దాటవు. మూడవ పట్టీకి చోటు విడిచి, "కాంట్రాక్టు పనివారు" అని పేరు మాత్రము వ్రాసియుంచితిని. సాయంకాలములందు పెద్దలు దానియెదుట నిలిచి వాదులాడుదురు. నా శిష్యుడు డ్యూటీకి పోవుచు ఒకనాడు బండి యాపి చూచి, "పంతులుగారూ, ఈ మూడవదానికి కొలబద్ద ఎంత పెట్టెదరు?" అని యడిగెను. సంఖ్యలు వచ్చిన తరువాత చెప్పుదునంటిని. మొన్నటి వానకు క్రిందిపట్టీ కొంత చెదరినది. ఎండ కాచిన తరువాత మరల దిద్దవలెను.